అయిదు కొట్లు, ఒక రైలు

కంప్యూటర్ ఆటను కొన్న వెంటనే ఆడేయగలిగే మనిషిని చూస్తే నాకు జాలి వేస్తుంది. పాపం, వాడికి ఆట తప్ప ఇంకేమీ దక్కదు! నా సంగతి అలా కాదు. నా కంప్యూటర్‌లో ఆటలమ్మే కొట్లు అయిదున్నాయి. అయిదు లాగిన్‌లు, అయిదు పాస్‌వర్డ్‌లు, అయిదు రకాల స్వాగతాలు. ఆరోది కూడా వస్తోందని ఈమధ్య ఎక్కడో చదివి, ఆ శుభవార్త మోసుకుంటూ వంటింట్లోకి పరిగెత్తాను. మా ఆవిడ సాంతం విని, "సంతోషం. ఆ స్టవ్ కట్టేసి వెళ్ళండి" అంది. నేను కట్టేసి వచ్చి, ఆరో కొట్టులో ముందుగానే పేరు నమోదు చేసుకున్నాను.

కంప్యూటర్‌లో కొట్లేమిటని అడిగే అమాయకులు ఇంకా కొందరున్నారు. వారికోసం చెబుతాను. వెనకటి రోజుల్లో ఆట అంటే ఒక డిస్కు. దాన్ని పెట్టెలో పెడితే గిర్రున తిరిగేది. ఆట మొదలైపోయేది. ఎంత అనాగరికం! నువ్వెవరు, నీ వయసెంత, నిన్న ఏం కొన్నావు, రేపేం కొంటావు అని పలకరించే దిక్కే ఉండేది కాదు. ఇప్పుడు డిస్కులు పోయాయి. ఆటను ఒక కొట్టులో కొంటాం, ఆ కొట్టులోనే దాచుకుంటాం, ఆ కొట్టు తలుపు తీస్తేనే ఆడతాం. ఒక్కో ఆట ఒక్కో కొట్టులో ఉంటుంది కాబట్టి అన్నింటి గడపా తొక్కాల్సిందే.

నా దగ్గరున్న అయిదింటికీ నేను పెట్టుకున్న పేర్లు చెబుతాను, మీకు తికమక ఉండదు. అన్నింటికన్నా ఎక్కువ సరుకున్నది పెద్దకొట్టు. వారానికో ఆట ఊరికే ఇచ్చేది ఉచితాలకొట్టు. పాతకాలపు ఆటలు తుడిచి అమ్మేది పాతసామానుకొట్టు. నెలనెలా రుసుము కడితే ఆడుకోనిచ్చేది చందాకొట్టు. అయిదోది సొంతకొట్టు. అది ఆటలు తయారుచేసే ఒక కంపెనీవాళ్ళది. దాని గొప్పతనం ఏమిటంటే, ఆటను పెద్దకొట్టులోనే కొన్నా, ఆడబోయేసరికి తన తలుపు కూడా తీసి, "ముందు ఇటు రండి" అంటుంది. కొట్టులో కొట్టన్నమాట.

ఇన్ని కొట్లవల్ల కలిగే లాభాలు ఒకటా రెండా? ముందుగా జ్ఞాపకశక్తి. అయిదు పాస్‌వర్డ్‌లు, ఒక్కోదానిలో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక వింతగుర్తు. పాత పాస్‌వర్డ్ మళ్ళీ పెట్టకూడదు. నా వయసువాళ్ళు బండి తాళాలు ఎక్కడ పెట్టారో మరిచిపోతుంటే, నేను నాలుగేళ్ళ కిందటి పాస్‌వర్డ్‌ను కూడా గడగడా చెప్పగలను. అది ఇప్పుడు పనిచేయదనుకోండి, అది వేరే సంగతి.

రెండోది స్నేహాలు. పెద్దకొట్టులో నాకు పదిమంది స్నేహితులు, ఉచితాలకొట్టులో ఏడుగురు, సొంతకొట్టులో ఒకడు. ఆ ఒక్కడు నేనే. పొరపాటున రెండో ఖాతా తెరిచి, నాకు నేనే స్నేహం కోరుతూ అర్జీ పెట్టుకున్నాను. మూడు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాను. ఇంతవరకూ మా మధ్య మాట తేడా రాలేదు.

ఇంక సంతృప్తి సంగతి. ఏడాదికి నాలుగుసార్లు తగ్గింపు ధరల పండగ వస్తుంది. అప్పుడు కొంటాం. ఆడటానికి కాదు, కొనడానికి. నా అయిదు కొట్లలోనూ కలిపి నేను కొని ఒక్కసారైనా తెరవని ఆటలు ఎన్నో చెప్పేవాణ్ణే, కానీ మా ఆవిడ ఈ రచన కూడా చదువుతుంది, కాబట్టి చెప్పను.

ఇవన్నీ చిన్న లాభాలు. అసలు లాభం మా అక్క వచ్చాక తెలిసింది.

నేను కళ్ళద్దాల షాపు నడుపుతాను. కింద షాపు, పైన ఇల్లు. మా అక్క టైలరు. వేరే ఊళ్ళో ఆమెకు సొంత షాపుంది. కుట్టేవాళ్ళు నలుగురున్నా కత్తిరింపు మాత్రం ఆమెదే. మొన్నామధ్య మెట్లమీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేసరికి వేళ్ళు బిగుసుకుపోయాయి. కత్తెర పట్టుకుంటే బొటనవేలు వంగడం లేదు. మా వీధి చివర మంచి ఫిజియోథెరపిస్టు ఉంది కాబట్టి ఆరు వారాలు మా ఇంట్లో ఉండి చేయి బాగుచేయించుకుందామని వచ్చింది.

ఫిజియోథెరపిస్టు మొదటిరోజే ఒక గిన్నెనిండా గుండీలు పోసి, ఒక్కొక్కటే ఏరి ఇంకో గిన్నెలో వేయమంది. అక్క ఆ గిన్నె వంకా ఆ అమ్మాయి వంకా చూసింది.

"గుండీలు ఏరడానికి ఇంత దూరం రావాలా అమ్మా? మా షాపులో బస్తాలకొద్దీ ఉన్నాయి" అంది.

"సరేనమ్మా, మీకు ఇష్టమైన పని ఏదైనా చేయండి. వేళ్ళు మాత్రం రోజూ కదలాలి" అంది ఆ అమ్మాయి.

ఇంటికి వస్తూ దారిలో అక్క నన్ను అడిగింది: "ఒరేయ్, మన రైలాట ఇప్పుడు దొరుకుతుందా?"

ఆ ఆట సంగతి మీకు చెప్పాలి. చిన్నప్పుడు మా ఇంట్లో ఒకే కంప్యూటరు, ఒకే కీబోర్డు. ఎడమ సగం నాది, కుడి సగం అక్కది. నేను ఇంజను నడిపేవాణ్ణి. అక్క సిగ్నళ్ళు వేసేది, పట్టాలు మార్చేది. ఒకే కుర్చీలో చెరో అంచున కూర్చునేవాళ్ళం. నేను ఎర్రలైటు దాటితే మోచేత్తో డొక్కలో ఒకటి పొడిచేది. ఆమెకు పెళ్ళయి వెళ్ళాక ఎప్పుడు కలిసినా పిల్లల చదువులు, అమ్మ మందులు, షాపు అద్దెలు. అవే మాటలు. పక్కపక్కన కూర్చుని ఏ పనీ లేకుండా నవ్వుకుని ఇరవై ఏళ్ళు దాటింది.

"దొరకడమేమిటక్కా, నా దగ్గరే ఉంది" అన్నాను ఛాతీ విరుచుకుని. "రోజూ మధ్యాహ్నం షాపు రెండు గంటలు మూస్తాను. ఆ రెండు గంటలూ మన రైలుకే."

ఆరు వారాలు, రోజుకు రెండు గంటలు. ఎన్ని స్టేషన్లు దాటొచ్చో మీరే లెక్కవేసుకోండి.

మర్నాడు మధ్యాహ్నం షాపు మూసి, పైకి వచ్చి, కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు వేశాను. రైలాట నా దగ్గర ఉందన్నది నిజమే. ఎంత నిజమంటే, మూడు కొట్లలో ఉంది! ఒక పండగలో కొన్న సంగతి మరిచి ఇంకో పండగలో కొన్నాను. మూడోది నెలచందాతో కలిసి వచ్చింది.

పాతసామానుకొట్టు తెరిచాను. నా అలమరలో రైలాట బొమ్మ ఉంది. నొక్కితే, "ఈ ఆట మీది. అయితే ప్రస్తుతం అందుబాటులో లేదు" అని వచ్చింది. ఆ ఆట హక్కులు చేతులు మారాయట, కొత్త యజమాని తేల్చేదాకా ఆగమన్నారు. ఎంత లోతైన మాటో చూడండి! నాదే, కానీ లేదు. వైరాగ్యం గురించి ఇంత క్లుప్తంగా ఎవరైనా చెప్పారా?

చందాకొట్టుకు వెళ్ళాను. అక్కడ రైలాట పోయిన నెలాఖరునే వెళ్ళిపోయిందట. దాని స్థానంలో చేపలు పట్టే ఆట పెట్టి, "మీకు ఇది కూడా నచ్చవచ్చు" అన్నారు. అక్క ఆ చేపను చూసి, "ఇది రైలెక్కదు కదా" అంది.

ఇక మిగిలింది పెద్దకొట్టు. అక్కడ ఆట ఉంది, తెరుచుకుంది కూడా. బొమ్మలు కొత్తవి, రంగులు కొత్తవి, రైలు కూత మాత్రం పాతదే. ఆ కూత వినగానే అక్క తన కుర్చీ ముందుకు జరుపుకుని కుడిచేయి కీబోర్డు మీద పెట్టింది. అప్పుడు తెలిసింది, కొత్త ఆటలో ఒకే కీబోర్డు మీద ఇద్దరు ఆడే వీలు తీసేశారని. "ఇప్పటి ఆటగాళ్ళు పక్కపక్కన కూర్చోవడం లేదు కాబట్టి" అని కారణం కూడా రాశారు. మేము పక్కపక్కనే కూర్చుని అది చదివాం.

ఇద్దరు ఆడాలంటే రెండు కంప్యూటర్లు, రెండు ఖాతాలు, ఆట రెండు ప్రతులు కావాలి. దానికేముంది? మా ఆవిడ ల్యాప్‌టాప్ తెచ్చి అదే బల్లమీద పెట్టాను. అక్క పేరు మీద ఖాతా తెరవడం ఒక్కటే మిగిలింది. పది నిమిషాల పని అన్నాను.

పాఠకులారా, ఇక్కడే అసలు విశేషం జరిగింది. ఖాతాకు పుట్టినరోజు కావాలి. సంవత్సరం కోసం ఒక చక్రం తిప్పాలి. వేళ్ళకు వ్యాయామం కదా, నువ్వే తిప్పక్కా అన్నాను. అక్క బిగుసుకున్న వేలితో ఒక్క తోపు తోసింది. చక్రం గిరగిరా తిరిగి ఎక్కడో ఆగింది, వేలు జారి 'సరే' మీద పడింది. ఆ దెబ్బతో నలభై మూడేళ్ళ మా అక్క, ఇద్దరు పిల్లల తల్లి, నలుగురికి జీతాలిచ్చే యజమానురాలు, పెద్దకొట్టు లెక్కలో తొమ్మిదేళ్ళ పిల్ల అయిపోయింది!

"హాయ్ చిన్నారీ! వెళ్ళి పెద్దవాళ్ళనెవరినైనా పిలుచుకురా" అంది తెర.

అక్క నావైపు తిరిగి, "పెద్దవాళ్ళంటే ఎవర్రా, నువ్వేనా?" అంది.

నేనే. వయసు దిద్దుకోవాలంటే గుర్తింపు కార్డు పంపాలి. కార్డు పంపే హక్కు పెద్దవాళ్ళ ఖాతాలకే ఉంది. అక్కది పిల్లల ఖాతా. ఆమె తరఫున అడగాలంటే సంరక్షకుడు కావాలి. కాబట్టి చిన్నప్పుడు నేను జడుసుకోకుండా నాకు ఈత నేర్పిన అక్కకు, నా ముక్కు తుడిచి బడికి పంపిన అక్కకు, నేను సంరక్షకుణ్ణయ్యాను. ఇంతటి గౌరవం ఏ డిస్కు ఇవ్వగలదు?

అక్క కార్డు పంపితే, పరిశీలనకు రెండు నెలలు పడుతుందన్నారు. ఈలోగా సంరక్షకుడి బాధ్యతలు ఆషామాషీవి కావు. అక్కతో ఆడటానికి నేను స్నేహం కోరుతూ అర్జీ పెట్టాను. అది ఆమోదం కోసం సంరక్షకుడైన నాకే వచ్చింది. కింద ఎర్రక్షరాల్లో, "ఈ వ్యక్తి మీ చిన్నారికి నిజంగా తెలిసినవాడేనా? వయసులో పెద్దవారైన అపరిచితుల విషయంలో జాగ్రత్త" అని ఉంది. నా బొమ్మ పక్కన పెట్టారు. ఆ బొమ్మను నేను కాసేపు తేరిపార చూశాను. నిజం చెప్పొద్దూ, నాకే అనుమానం వచ్చింది.

ఇంతా చేసి ఆమోదిస్తే, రైళ్ళు గుద్దుకునే అవకాశం ఉన్నందున పదేళ్ళలోపు పిల్లలు ఈ ఆట ఆడరాదని తేలింది. ఆ వారాంతానికి కొట్టువాళ్ళ దగ్గరనుంచి నాకొక ఉత్తరం: "మీ చిన్నారి ఈ వారం సున్నా నిమిషాలు ఆడింది. చక్కటి క్రమశిక్షణ!" అది చదివి వినిపిస్తే అక్క కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, అప్పటికి రెండు వారాలు అయిపోయాయి.

సరే, ఇంకో కొత్త ఖాతా తెరుద్దామనుకున్నాం. ఒక ఫోనుకు ఒకటే ఖాతా. నా ఫోను నాకు, అక్క ఫోను తొమ్మిదేళ్ళ అక్కకు ఖర్చయిపోయాయి. మిగిలింది మా ఆవిడ ఫోను. ఆవిడ పశువుల డాక్టరు. మధ్యాహ్నం పూట ఆసుపత్రిలో ఉంటుంది. ఓటీపీ ఆవిడకు వెళుతుంది, నిమిషంలో మురిగిపోతుంది.

"హలో, నీకొక నంబరు వచ్చి ఉంటుంది, చెప్పు" అన్నాను.

"నా చేతిలో మేక కాలుంది" అంది.

"రెండో చేత్తో చూడు."

"రెండో చేతిలో ఇంకో కాలుంది."

అలా నాలుగు మధ్యాహ్నాలు గడిచాయి. ఒకరోజు మేక, ఒకరోజు దూడ, ఒకరోజు ఎవరిదో చిలక. అయిదో రోజు ఆసుపత్రికి ఒక్క పశువూ రాలేదు, కానీ ఆరోజు పెద్దకొట్టు మరమ్మతుల కోసం మూసి ఉంది. ఆరోరోజు మా ఆవిడ తనంతట తానే ఫోను చేసి అంకెలు చెప్పింది. "వదిన ఇంక ఎన్నాళ్ళో ఉండదు, ఆ ఆటేదో త్వరగా కానివ్వండి" అని కూడా అంది. ఈసారి పుట్టిన సంవత్సరం నేను తిప్పాను. ఖాతాకు 'అక్క' అని పేరు పెట్టాను.

ఇక బొమ్మల పరీక్షలు. మీరు మనిషేనా, యంత్రమా అని కొట్టుకు అనుమానం. తొమ్మిది బొమ్మలు చూపించి, సిగ్నల్ లైట్లున్నవి నొక్కమంటుంది. పదహారేళ్ళుగా ఊరివాళ్ళ చూపు పరీక్షిస్తున్నవాణ్ణి. నాకే పరీక్షా? కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చున్నాను. మూడుసార్లు తప్పాను. అక్క నన్ను పక్కకు జరిపింది.

"స్తంభం కూడా సిగ్నల్‌లో భాగమేరా. అది వదిలేస్తున్నావు" అంది. టకటకా నొక్కింది. మనిషేనని ఒప్పుకున్నారు. అక్క వేలు అంత తేలిగ్గా కదలడం నేను ఆరోజు గమనించనే లేదు. నాకు గడియారమే కనిపిస్తోంది. షాపు తెరిచే వేళయింది.

ఆ తర్వాత అక్క ఖాతాకు ఆట ఇంకో ప్రతి కానుకగా పంపాను. మూడోసారి కొన్నానని తెలిసి మా ఆవిడ ముక్కుమీద వేలేసుకుంది. ఒక ఇంట్లోంచి అదే ఇంట్లోకి కానుక వెళ్ళడం అనుమానాస్పదమని కొట్టు దాన్ని రెండు వారాలకు పైగా ఆపి ఉంచింది. మంచిదే కదా. బల్లకు ఇటువైపునుంచి అటువైపుకు వెళ్ళేలోగా ఎన్ని ప్రమాదాలు పొంచి ఉంటాయో మనకేం తెలుసు?

అన్నాళ్ళూ ఖాళీగా కూర్చోలేక నా వ్యాపారం గురించి ఆలోచించాను. నేనెంత వెనకబడి ఉన్నానో అప్పుడు అర్థమైంది. మనిషి వస్తాడు, చూపు చూస్తాను, అద్దాలు చేసిస్తాను, పెట్టుకుని వెళ్ళిపోతాడు. అంతే! మళ్ళీ రెండేళ్ళదాకా వాడి ఊసే ఉండదు. ఇకమీదట అలా కాదు. ఎడమకన్ను అద్దం నా షాపులోనే కొనాలి, కుడికన్నుది ఎదురు షాపులో. పొద్దున లేచి కళ్ళద్దాలు పెట్టుకునే ముందు నాకు ఫోను చేసి పాస్‌వర్డ్ చెప్పాలి. పాస్‌వర్డ్ ఒక చీటీమీద రాసి ఇస్తాను, చదవాలంటే కళ్ళద్దాలు కావాలి. పేపరు చదివేటప్పుడు మధ్యలో నేను వచ్చి, కొత్త ఫ్రేములు చూడండి అంటాను. ఒకరోజు నా షాపు మూసేస్తే ఊళ్ళో కళ్ళద్దాలన్నీ మసకబారతాయి. "అద్దాలు మీవే, అయితే ప్రస్తుతం కనిపించదు" అని బోర్డు పెడతాను.

ఈ పథకమంతా ఒక ముసలాయనకు వివరించాను. దగ్గరచూపు అద్దాల కోసం వచ్చాడాయన. శ్రద్ధగా విన్నాడు. "నిన్ను ఊళ్ళోంచి తరిమేస్తారు నాయనా" అని అద్దాలు జేబులో పెట్టుకుని వెళ్ళాడు. నన్ను తరుముతారట, కంప్యూటర్ కొట్లకు మాత్రం మనం ఎదురెళ్ళి 'అంగీకరిస్తున్నాను' అని నొక్కుతాం.

ఆరో వారం మొదట్లో అక్కను ఫిజియోథెరపిస్టు దగ్గరకు తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి అక్క చేయి పట్టుకుని వేళ్ళు వంచింది, చాచింది, బొటనవేలు తిప్పింది. ఒక కత్తెర ఇచ్చి గుడ్డ కత్తిరించమంది. అక్క తిన్నగా, ఒక్క వంకర లేకుండా కత్తిరించింది.

"ఇంత త్వరగా ఇంత బాగవడం నేను చూడలేదమ్మా" అంది ఆ అమ్మాయి. "ఏం చేశారు?"

"మా తమ్ముడితో ఆట ఆడదామని కూర్చున్నాను" అంది అక్క.

"ఏ ఆటో చెప్పండి, మిగతావాళ్ళకు కూడా రాసిస్తాను."

"ఆట ఇంకా మొదలవలేదమ్మా. ఇదంతా లోపలికి వెళ్ళడానికే."

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను గోడమీదున్న వెన్నెముక బొమ్మను చూస్తూ నిలబడ్డాను.

కాదంటారా? చక్రాలు తిప్పి, పాస్‌వర్డ్‌లు కొట్టి, షరతులు పైనుంచి కిందికి దొర్లించి, సిగ్నల్ స్తంభాలు నొక్కి, మా అక్క చేయి బాగుపడింది. అయిదు కొట్లూ కలిసి ఒక టైలరుకు కత్తెర తిరిగి ఇచ్చాయి. అందుకు వాటికి చేతులెత్తి మొక్కుతాను. ఇందులో వెటకారం లేదు.

అయితే చేయి బాగుపడితే ఏమవుతుంది? మనిషి ఊరికి వెళుతుంది. బడులు తెరిచే రోజులు. యూనిఫాంల గుడ్డ తానులు తానులుగా వచ్చిపడిందని ఆమె షాపునుంచి రోజూ ఫోన్లు. ఆదివారం నాలుగు గంటల బస్సుకు టికెట్ తీసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి కానుకను వదిలారు! నా కంప్యూటర్ ఎప్పుడో సిద్ధంగా ఉంది. ల్యాప్‌టాప్‌లోకి ఆట దిగాలి. మిగిలిన సమయం ఒక గంట అని చూపించింది. అక్క సంచీ సర్దేసుకుని వచ్చి కూర్చుంది. గంటంటే మూడు. తర్వాత అరగంటైనా ఆడొచ్చు. బస్టాండు నడిచి వెళ్ళేంత దూరమే.

నలభై శాతం. అరవై శాతం. ఇద్దరం తెరవైపే చూస్తున్నాం. మాట్లాడితే ఎక్కడ ఆగిపోతుందోనని భయం. ఎనభై దాటాక అక్కే నవ్వింది.

"ఒరేయ్, నీకు కీలు గుర్తున్నాయా అసలు?"

"ఎందుకు గుర్తులేవు?"

"ఏదీ, నడుపు చూద్దాం."

నేను నా కీబోర్డు మీద చేతులు పెట్టాను, అక్క ల్యాప్‌టాప్ మీద పెట్టింది. ఆట లేదు, రైలు లేదు. నేను బయలుదేరుతున్నానన్నాను. అక్క ఆకుపచ్చ అంది. వంతెన వచ్చిందన్నాను, నెమ్మది అంది. "ఎరుపు, ఎరుపు, ఆగరా" అంటూ తన పాత కీ గట్టిగా నొక్కింది. నేను ఆగకుండా పోనిచ్చాను. డొక్కలో మోచేయి పడింది. ఇరవై ఏళ్ళ తర్వాత పడిన పోటు. ఇద్దరం ఎంతసేపు నవ్వామో తెలియదు.

తలెత్తి చూస్తే తొంభై రెండు శాతం దగ్గర డౌన్‌లోడ్ ఆగి ఉంది. మేము ఆడుకుంటుంటే అక్క నొక్కిన కీ దాన్ని నిలిపేసిందట. మళ్ళీ మొదలుపెట్టమని నొక్కితే, దిగినదంతా సరిగ్గా ఉందో లేదో మొదటినుంచి తనిఖీ చేస్తామన్నారు. మిగిలిన సమయం రెండు గంటలు అని వచ్చింది.

"పోనీలేరా" అంది అక్క లేస్తూ. "మీ ఆవిణ్ణి ల్యాప్‌టాప్ వాడుకోనివ్వు ఇంక."

"ఊరినుంచి ఆడొచ్చక్కా. రెండు కంప్యూటర్లు ఎక్కడున్నా ఒకటేనట."

"అంత దూరంనుంచి నిన్ను పొడిచేదెలా?" అంది. తన షాపులో కంప్యూటర్ లేదు, వచ్చే రెండు నెలలూ తల ఎత్తే తీరికా లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. సంచీ అందుకోబోతే నన్ను ఆపి, కుడిచేత్తో తనే ఎత్తుకుంది.

బస్సెక్కించి వచ్చేసరికి ఆట దిగింది. నేను నా కంప్యూటర్‌లో లాగిన్ అయి, పక్క కుర్చీలోకి మారి ల్యాప్‌టాప్‌లో అక్క పాస్‌వర్డ్ కొట్టాను. నా తెరమీద 'అక్క వచ్చింది' అని పడింది. ఒక చేత్తో ఇక్కడ ఇంజను, ఇంకో చేత్తో అక్కడ సిగ్నలు. రైలు కూత వేసి కదిలింది. మొదటి జంక్షన్‌కు రాగానే నేను పట్టా మార్చడం మరిచిపోయాను, బండి పట్టాలు తప్పింది. ఎవరూ డొక్కలో పొడవలేదు. రెండు యంత్రాలూ కట్టేశాను.

నాకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. మా అక్క పక్కన కూర్చుని రైలు నడపాలనుకున్నాను. ఆరు వారాలు ఆమె నా పక్కనే కూర్చుంది, ఆట మూడు ప్రతులు కొన్నాను, ఒక్క నిమిషం ఆడలేకపోయాం. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే పెద్దమనుషులు చేసే పనే చేశాను. పెద్దకొట్టులో ఆ ఆట కింద 'మీ అభిప్రాయం రాయండి' అన్నచోట ఈ కథంతా రాశాను, అయిదు చుక్కలకు ఒక్కటే ఇచ్చాను, పంపు అని నొక్కాను.

వెంటనే జవాబు వచ్చింది. "అభిప్రాయం రాయాలంటే ఈ ఆటను కనీసం అరగంట ఆడి ఉండాలి. మీరు ఆడినది నాలుగు నిమిషాలు. ఆడకుండా ఆట గురించి రాయడం ఇతర ఆటగాళ్ళకు అన్యాయం."

న్యాయమైన మాటే. అందుకే ఆ ఆట ఎలా ఉంటుందో నేను మీకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. కొట్ల గురించి మాత్రమే రాశాను, వాటిలో నేను ఆరు వారాలు ఉన్నాను.